కౌమారమున వ్రాసిన మాటకు యౌవనమున శిక్ష

భారత క్రికెట్ నియంత్రణ మండలి అధ్యక్షులవారికి బహిరంగ లేఖ

మహాశయా,

ఆటగాండ్ర ఎంపికలు, ఒప్పందములు, ప్రసారహక్కుల విక్రయములు మొదలగు బృహత్కార్యములతో మీ మండలికి ఊపిరి సలుపని కాలమున, ఆటతో నేరుగా సంబంధము లేనట్లు పైకి తోచు నొక విషయమును మీ దృష్టికి తెచ్చుటకై ఈ లేఖ వ్రాయుచున్నాను. క్రీడాకారు డొకడు కౌమారమున సామాజిక మాధ్యమములలో వ్రాసిన నీచమైన మాటలు, అతడు ప్రసిద్ధి గాంచిన పిమ్మట బయటపడినచో అతని నేమి చేయవలెను? విచారించువా రెవరు? ఎంతటి శిక్ష న్యాయ మగును? ఆ మాటలచే గాయపడినవారికి దక్కవలసిన దేమి? ఈ ప్రశ్నలకు ముందుగా ఆలోచించి వ్రాసికొన్న సమాధానము లేకపోవుటచేత ఇతర దేశముల క్రీడాసంస్థలు ఎంత తడబడినవో గత పది పదునైదేండ్లలో లోకము చూచినది. మన మండలి అట్లు తడబడరాదనియు, అట్టి యాపద మన వాకిట నిలువకమునుపే ఆ సమాధానమును వ్రాసి ప్రకటింపవలెననియు నా విన్నపము.

2021 జూన్ 2వ తేదీన లండను నగరమున లార్డ్స్ మైదానమునందు ఇంగ్లండు, న్యూజిలాండు జట్ల నడుమ టెస్టు పోటీ ప్రారంభమైనది. తొలి బంతి పడకమునుపు ఇంగ్లండు ఆటగాండ్రు జాతివివక్షను, మతవిద్వేషమును, స్త్రీలపట్ల చిన్నచూపును నిరసించు మాటలు ముద్రించిన చొక్కాలు ధరించి మైదానమున వరుసగా నిలిచిరి. ఆ వరుసలో ఆలీ రాబిన్సన్ అను 27 ఏండ్ల వేగపు బౌలరు కూడ నుండెను. అతని కది తొలి టెస్టు. ఆ దినమున అతడు రెండు వికెట్లు తీసెను. అతడు మైదానమున బంతి విసరుచుండగనే, 2012వ సంవత్సరము మొదలుకొని అతడు 18, 19 ఏండ్ల ప్రాయమున ట్విట్టరులో వ్రాసిన మాటలను ఎవరో వెలికితీసిరి. అవి ముస్లిములను, ఆసియా సంతతివారిని, స్త్రీలను కించపరచు మాటలు. వాని నిచ్చట ఉదాహరింపను. ఉదాహరించుట యనగా ఆ గాయములను మరల రేపుటయే. సాయంకాలము ఆట ముగిసినంతనే, ఉదయము వివక్షకు వ్యతిరేకముగా నిలిచిన ఆ యువకుడే కెమెరాల ముందర నిలిచి, తాను వ్రాసినదానికి సిగ్గుపడుచున్నాననియు, తానిప్పు డట్టివాడను కాననియు చెప్పి, క్షమాపణ వేడుకొనవలసివచ్చినది.

పోటీ జయాపజయములు తేలకయే ముగిసెను. రాబిన్సన్ రెండు ఇన్నింగ్సులలో 7 వికెట్లు తీసి, బ్యాటుతో 42 పరుగులు చేసెను. బౌలరుగా అంతకంటె మంచి ప్రవేశము కోరుకొనువా రుండరు. అయినను ఇంగ్లండు-వేల్సు క్రికెట్ మండలి, విచారణ పూర్తియగునంతవరకు అతనిని అంతర్జాతీయ పోటీలనుండి నిలిపివేసితిమని ప్రకటించగా, అతడు జట్టు విడిది వదలి తన కౌంటీకి మరలిపోయెను. అంతట నలుదిక్కులనుండి వాదములు చెలరేగినవి. క్రీడాశాఖను గూడ నిర్వహించుచుండిన మంత్రి ఆలివర్ డౌడెన్, ఆ మాటలు తప్పేయైనను అవి దశాబ్దము నాటివనియు, వ్రాసినవాడు నాడు కుర్రవాడనియు, నేడు పురుషుడై క్షమాపణ చెప్పెననియు, మండలి మితిమీరినదనియు బహిరంగముగా పలికెను. ప్రధాని కార్యాలయము ఆ మాటను సమర్థించెను. మన రవిచంద్రన్ అశ్విన్, ఆ మాటలపై రేగిన ఆగ్రహము తనకు అర్థమగుచున్నదని చెప్పుచునే, అంత చక్కని ఆరంభము చేసిన యువకుడు ఇట్లు నిలిపివేతకు గురియగుట చూచి జాలిపడుచున్నానని వ్రాసెను.

ఆనాడు వినవచ్చిన గొంతులలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది జమైకా దేశీయుడైన పూర్వపు క్రికెటరు మైఖేల్ హోల్డింగ్‌ది. అంతకు ముందటి వేసవిలో నల్లజాతివారి యవమానమును గూర్చి టెలివిజనులో మాటలాడుచు కన్నీరు పెట్టుకొన్న మహనీయు డాయన. జాతివిద్వేషమును ఉపేక్షింపుమని ఆయనకు బోధింపగలవారు లేరు. ఆయన చెప్పినది సంక్షేపముగా ఇది: విచారణకొరకు నిలిపివేయుట తప్పు కాదు, కాని ఆ విచారణను త్వరగా ముగింపుడు, ఎనిమిది తొమ్మిదేండ్ల క్రిందట తప్పుచేసినవాడు ఆ పిమ్మట నేర్చుకొని మారినట్లు రుజువున్నచో అతనిపై మరీ కఠినముగా ప్రవర్తింపకుడు. జాతివిద్వేషమునకు గురియైన జాతికి చెందిన పెద్ద పలికిన మాట గనుక దీనికి మంత్రి మాటకు లేని బరువు కలదు. మంత్రి కాలమును, వయస్సును మాత్రమే చూచెను. హోల్డింగ్ మార్పును చూడుమనెను. కాలము గడచినంత మాత్రమున మనుష్యుడు మారడు. మారినాడో లేదో విచారించి తెలిసికొనవలెను.

క్రమశిక్షణ సంఘము తుదితీర్పును జూలై 3న ప్రకటించెను: ఎనిమిది పోటీల నిషేధము, అందులో అయిదు రెండేండ్లపాటు అమలు కాకుండ నిలుపుదల, 3,200 పౌనుల జరిమానా. మిగిలిన మూడు పోటీలు అప్పటికే అతడు ఆడక వదలుకొన్నవి గనుక వెంటనే ఆడుటకు అడ్డు లేకపోయెను. ఆగస్టులో మన జట్టుపైననే అతడు మరల టెస్టు ఆడి, ఆ వరుసలోని నాలుగు టెస్టులలో 21 వికెట్లు తీసెను. హెడింగ్లీలో మన యోటమికి ముఖ్యకారకుడై ఆ పోటీకి ఉత్తమ క్రీడాకారుడుగా నిలిచెను.

ఈ తీర్పు ఇంచుమించు న్యాయమైనదే యని నా యభిప్రాయము. ఆ మాటల కాలమును, అతని పశ్చాత్తాపమును, అతనిలో వచ్చిన మార్పును సంఘము లెక్కలోనికి తీసికొనెను. కాని యా తీర్పునకు నడచిన దారి న్యాయమైనది కాదు. మొదట శిక్ష, పిమ్మట విచారణ. నడుమ మంత్రుల జోక్యము, పత్రికల కోలాహలము. అదే వారమున ఇతర ఆటగాండ్ర పాతమాటలను గూడ త్రవ్వి తీయసాగిరి. జేమ్స్ ఆండర్సన్ 2010లో తోటి బౌలరు క్రొత్త క్షౌరమును గూర్చి వ్రాసిన యవమానకరమైన పరిహాసము బయటకు వచ్చెను. జట్టు నాయకులలో ఒకడైన ఇయోన్ మోర్గాన్, అతనితోపాటు జాస్ బట్లర్, భారతీయులు మాటలాడు ఆంగ్లమును వెక్కిరించినట్లున్న పాత సంభాషణలపై మన దేశమున కోపము రేగెను. ఇందరిలో లార్డ్స్‌నుండి ఇంటికి పంపబడినవాడు మాత్రము తొలి టెస్టాడిన క్రొత్తవా డొక్కడే. రాబిన్సన్ వ్రాసిన మాటలు తక్కినవారివాటికంటె ఎక్కువ నీచమైనవి, సంఖ్యలో ఎక్కువైనవి అనుట సత్యమే. కాని ముందుగా వ్రాసిన నియమ మున్నచో ఎవరి దోషమునకు ఎంత కొలత యనునది లోకమునకు స్పష్టమగును. అది లేకపోయినందున, పేరున్నవానికొక నీతి, పేరులేనివానికొక నీతి యను శంకకు తావు మిగిలెను.

ఇతర క్రీడల చరిత్రయు ఇట్టిదే. ఆంద్రే గ్రే అను ఫుట్‌బాల్ ఆటగాడు 2012లో స్వలింగప్రియులపై వ్రాసిన ద్వేషపుమాటలకు 2016లో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము నాలుగు పోటీల నిషేధమును, 25,000 పౌనుల జరిమానాను విధించెను. 2018 జూలైలో అమెరికా బేస్‌బాల్ ఆటగాడు జాష్ హేడర్ ఆల్‌స్టార్ పోటీలో ఆడుచుండగా, అతడు 17 ఏండ్ల వయస్సున వ్రాసిన జాతిదూషణలు బయటపడినవి. అతనికి విధించినది శిక్షణ తరగతి మాత్రమే. అంతకంటె నన్ను కలవరపరచినది, అతడు తన నగరమునకు మరలివచ్చి ఆడినప్పుడు ప్రేక్షకులు లేచి నిలిచి కరతాళధ్వనులు చేయుట. ఆ చప్పట్లు విన్న నల్లజాతి పిల్లవానికి ఏమి తోచియుండునో ఊహింపుడు. 2020 చివర అర్జెంటీనా రగ్బీ సంఘము, పాత మాటల కారణముగా నాయకుడు పాబ్లో మతేరాను పదవినుండి తొలగించి నిలిపివేసెను. కొద్ది దినములకే ఆ నిలిపివేతను ఎత్తివేసెను. ఇట్లు ఒకేజాతి దోషమునకు ఒకచోట నిషేధము, ఒకచోట పాఠము, ఒకచోట రెండునాళ్ల యాగ్రహము. ఇది న్యాయ మనిపించుకొనదు. ఆ దినపు గాలివాటము.

ఇచ్చట కొందరు ఇట్లనవచ్చును: కుర్రతనపు మాటలకు ఇంత రాద్ధాంత మేల? ఆటగాడు ఆట బాగుగా ఆడిన చాలదా? ఈ మాట నేను ఎంతమాత్రము అంగీకరింపను. 2021 జనవరిలో సిడ్నీ మైదానమున మన హైదరాబాదు బిడ్డ మహమ్మద్ సిరాజ్ బౌండరీ దగ్గర నిలిచి ప్రేక్షకుల దూషణలు వినెను. ఆటో నడిపి తనను పెంచిన తండ్రి అంతకు రెండు నెలలకు ముందే కన్నుమూయగా, అంత్యక్రియలకైన ఇంటికి రాక దేశముకొరకు ఆడుచుండిన యువకు డతడు. అతడు అంపైరు దగ్గరకు నడచిపోయి తనను దూషించుచున్నారని చెప్పగా ఆట ఆగిపోయెను, పోలీసులు ఆరుగురిని స్టాండులోనుండి బయటికి పంపిరి. మన ఆటగాండ్రు జాతిదూషణకు గురియైనది నిజమేనని ఆస్ట్రేలియా క్రికెట్ సంస్థ తుదకు ధ్రువపరచెను. ఆ దినమున ప్రతి తెలుగు ఇంట రేగిన ఆవేదన సహజమైనది. అట్టి మాటలే ఎదుటివారు మనపై విసరినప్పుడు విషమై, మనవాడు ఇతరులపై విసరినప్పుడు కుర్రతన మగుట ఎట్లు?

మాటల గాయము ఎంత లోతునకు దిగునో తెలియగోరువారు అజీమ్ రఫీక్ కథను వినవలెను. ఈ లేఖకు ప్రాణమైన విషయము గనుక దీనిని కొంత విపులముగా చెప్పెదను. కరాచీలో జన్మించి, బాల్యముననే ఇంగ్లండుకు పోయి, యార్క్‌షైర్ కౌంటీకి స్పిన్ బౌలరై, ఆ జట్టుకు నాయకత్వము సైతము వహించిన ఆటగాడు రఫీక్. 2021 నవంబరు 16న బ్రిటిషు పార్లమెంటు సంఘము ఎదుట అతడు సాక్ష్యమిచ్చెను. తన జాతిపేరుతో తనను నిత్యము హేళన చేసిరనియు, 15 ఏండ్ల వయస్సున స్థానిక క్లబ్బులో తనను పట్టుకొని బలవంతముగా గొంతులో మద్యము పోసిరనియు, మద్యము తన మతమునకు నిషిద్ధమని తెలిసియు ఆ పని చేసిరనియు, ఆ జాతివిద్వేషమే తన క్రీడాజీవితమును హరించెననియు కంటతడితో చెప్పెను. ఆ సాక్ష్యము ఆ దేశపు క్రికెట్‌ను పునాదులతో కదలించినది.

ఆ సాక్ష్యము ముగిసిన రెండు దినములకే, ఆ రఫీకే 2011లో ఫేస్‌బుక్కులో యూదులను అవమానించుచు వ్రాసిన మాటలను ఒక పత్రిక ప్రకటించెను. అతని విరోధులకు ఇది వరప్రసాద మయ్యెను. ద్వేషమునకు గురియైనానని యేడ్చినవాడే ద్వేషి యని, అతని సాక్ష్యమంతయు కొట్టివేయదగినదని వాదించువారు బయలుదేరిరి. ఇది కుతర్కము. ఒకడు చేసిన తప్పు అతడు పడిన బాధను అబద్ధము చేయజాలదు. అతడు పడిన బాధ అతడు చేసిన తప్పును ఒప్పు చేయజాలదు. రెండును వేరువేరుగా లెక్కింపదగినవి.

అప్పుడు రఫీక్ చేసిన దేమి? ఆ మాటలు తనవి కావనలేదు. ఎవరో తన ఖాతాను దొంగిలించిరని బొంకలేదు. అవి నావే, వానికి సమర్థన లేదు, సిగ్గుపడుచున్నాను అని వెంటనే ఒప్పుకొనెను. తరువాత, నాజీల బారినుండి బాల్యమున తప్పించుకొనివచ్చిన రూత్ బార్నెట్ అను వృద్ధురాలిని కలిసికొని ఆమె చెప్పినది వినెను. 2022లో ఆష్విట్జు మృత్యుశిబిరమునకు యాత్రపోయి, ఏ జాతిని తాను హేళన చేసెనో ఆ జాతివారిని లక్షలకొలది చంపిన స్థలమున నడచెను. గాయపరచినవాడు గాయపడినవారి యెదుటకు స్వయముగా పోయి, వారి చరిత్రను వినుటకు తన కాలమును వెచ్చించెను. దీనిని నేను ప్రాయశ్చిత్త మందును. కెమెరా ముందర న్యాయవాదులు దిద్దిన నాలుగు వాక్యములు చదువుట దీనికి సాటి రాదు. 2022 అక్టోబరులో క్రమశిక్షణ సంఘము రఫీక్‌ను, పాత పోస్టుల విషయమున దోషులైన మరి నలుగురితోపాటు, మందలించి విడిచినది. మొదటి యేట ఎనిమిది పోటీల నిషేధము, మరుసటి యేట మందలింపు! దోషములయందు తారతమ్య మున్నదని యొప్పుకొనుచునే, ఆ తారతమ్యమును సామాన్యుడు ముందుగానే తెలిసికొనదగిన కొలమానము ఎచ్చటను లేకపోయెనని చెప్పక తప్పదు.

మరి యొక్క సంగతి. ఇంగ్లండు క్రికెట్ మండలియే నియమించిన స్వతంత్ర సంఘము నాలుగు వేలకు పైగా జనుల యనుభవములు సేకరించి 2023 జూన్‌లో నివేదిక ప్రకటించెను. ఆ దేశపు క్రికెట్‌లో జాతివిద్వేషము, స్త్రీలపట్ల తక్కువచూపు, ధనికవర్గపు అహంకారము లోతుగా వ్రేళ్లూనియున్నవని అందు తేలెను. మండలి యధ్యక్షుడు నిష్కపటముగా క్షమాపణ చెప్పెను. అనగా, 18 ఏండ్ల రాబిన్సన్ ఆ మాటలు వ్రాసిన నాటి డ్రెస్సింగు గదులలో అట్టి మాటలు వింత కావు. వానిని విని నవ్విన పెద్ద లుండిరి, వారించినవారు అరుదు. తాను పెంచిన వాతావరణములో పెరిగిన కుర్రవానిని ఒక్కనిని పట్టి శిక్షించి, సంస్థ చేతులు దులుపుకొనుట న్యాయము కాదు. రాబిన్సన్ యార్క్‌షైర్, హాంప్‌షైర్, సస్సెక్స్ కౌంటీలలో ఏండ్ల తరబడి ఆడెను. అన్నియేండ్లు ఆ మాటలు ఎవరైనను చదువుటకు వీలుగానే యుండెను. వానిని చదివి, అతనిని పిలిచి కూర్చుండబెట్టి, నాయనా యిది తప్పు, తీసివేయుము, ఎవరిని బాధించితివో తెలిసికొనుము అని చెప్పిన పెద్దవా డొక్కడు లేకపోయెను.

మహాశయా, ఇక మన యింటి సంగతి. ఇట్టి యనుభవము మీ మండలికి కొత్తది కాదు. 2019 జనవరిలో హార్దిక్ పాండ్యా, కె.ఎల్. రాహుల్ ఒక టెలివిజను సంభాషణలో స్త్రీలనుగూర్చి ఆడిన మాటలకు, నాడు మండలిని నడుపుచుండిన పాలకుల సంఘము వారిని ఆస్ట్రేలియానుండి వెనుకకు పిలిపించెను. ఆ సంఘములో ఇరువురే సభ్యులు. వారిలో ఒకరు భారత స్త్రీల జట్టుకు నాయకత్వము వహించిన డయానా ఎడుల్జీ. విచారించుటకు అంబుడ్స్‌మన్ లేనందున రెండు వారములు తిరుగకముందే నిలిపివేతను ఎత్తివేసిరి. పిదప నియమితులైన అంబుడ్స్‌మన్ జస్టిస్ డి.కె. జైన్ ఏప్రిల్‌లో తీర్పు చెప్పుచు, ఒక్కొక్కరికి 20 లక్షల రూపాయల జరిమానా విధించిరి. అందు 10 లక్షలు విధినిర్వహణలో ప్రాణములు విడిచిన కానిస్టేబుళ్ల కుటుంబములకు, తక్కిన 10 లక్షలు అంధుల క్రికెట్ అభివృద్ధికి. రెండును పుణ్యకార్యములే, ఆ కుటుంబములకు ఎంత యిచ్చినను తక్కువయే. కాని అవమానింపబడినది స్త్రీలు. ఆ ధనములో ఒక్క రూపాయియైనను బాలికల క్రికెట్‌కు పోలేదు; ఆ యిరువురు ఏ బాలికల జట్టు నెదుటను నిలిచి సమాధానము చెప్పవలసిన యవసరము కలుగలేదు. దోషమునకును ప్రాయశ్చిత్తమునకును నడుమ సంబంధము తెగిపోయినప్పుడు శిక్ష సుంకము వంటి దగును. చెల్లించినవాడు మరచిపోవును, గాయపడినవారికి ఏమియు చేరదు.

పాండ్యా, రాహుల్‌లది నోట మాటలాడిన దోషము; మన తరువాతి తరము ఎదుర్కొనబోవునది వ్రాసిన మాటల దోషము. 2025 ఏప్రిల్‌లో వైభవ్ సూర్యవంశీ ఐపీఎల్‌లో 35 బంతులలో శతకము చేసినప్పుడు అతని వయస్సు 14 ఏండ్లు. ఆ యేటనే మన భద్రాచలమునుండి వచ్చిన గొంగడి త్రిష 19 ఏండ్లలోపు బాలికల ప్రపంచకప్పులో శతకము చేసి, ఆ పోటీలన్నింటికి ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచెను. ఇంత చిన్నవారు లోకము కన్నులలో పడుచున్న కాలమిది. వీరి తోటివారి చేతులలో ఫోన్లున్నవి. మన తెలుగునాట పదునాలుగు, పదునైదేండ్ల బాలురు ఆ ఫోన్లలో చేయుచున్న దేమి? అభిమాన కథానాయకుని చిత్రము విడుదలయైన దినమున ఎదుటి నటుని అభిమానులపై వారు కురిపించు భాషను చూచినవారెవరును కలత పడకుండలేరు. కులము పేరెత్తి తిట్టుదురు. తల్లులను, చెల్లెండ్రను వీథికి లాగుదురు. ఒక జిల్లావారిని, ఒక మాండలికమును, ఒక రంగును ఎగతాళి చేయుదురు. ఎన్ని లైకులు వచ్చునో చూచుకొందురు. వారిలో అనేకులకు అది ద్వేషమని కూడ తెలియదు. గుంపులో తామొకరమని చూపుకొనుట యని తలతురు. వారిలో ఏ విశాఖ బాలుడో, ఏ కడప బాలుడో రేపు భారత జట్టు టోపీ ధరింపవచ్చును. ఆ దినముననే, సరిగా ఆ గంటకే, అతని పాత పోస్టుల స్క్రీన్‌షాట్లు దేశమంతట తిరుగును. వెలికితీయువారికి కావలసినది న్యాయము కాదు. పొగడ్త పతాకస్థాయిలో నున్న గడియ. అతడు దళితులను తిట్టియున్నచో ఆ సోదరుల బాధ ఉపశమింపదు; అతడు మారియున్నచో అతని మార్పును వినువా రుండరు. అప్పుడు మీ మండలి ఏమి చేయును?

మన చట్టము ఈ విషయమున మనకు దారి చూపుచున్నది. 2015 నాటి బాలన్యాయ చట్టము, 18 ఏండ్లు నిండనివారు నేరము చేసినను, అసాధారణ పరిస్థితులలో తప్ప వారి పూర్వపు రికార్డులను చెరిపివేయవలెననియు, వారికి క్రొత్త యారంభము నీయవలెననియు ఒక మూలసూత్రముగా చెప్పుచున్నది. దొంగతనము చేసిన బాలునికి చట్టము ఇచ్చిన యవకాశమును, పదునాలుగవ యేట చెడ్డమాట వ్రాసిన బాలునికి క్రీడాసంస్థ నిరాకరింపవచ్చునా? బాలునికి బోధ కావలెను. అతని మాటల చేత నొచ్చినవారిని అతనికి చూపవలెను. కాని నలుగురిలో నిలువబెట్టి అతని యాటను లాగికొనరాదు.

18 నిండినవారి విషయము వేరు. వారు వోటు వేయుదురు, ఒప్పందములపై సంతకము చేయుదురు; వ్రాసినదానికి సమాధానము చెప్పవలసినవారే. వారిని విచారించునప్పుడు ఎంతకాలము గడచినది, ఒకమారు వ్రాసిరా పలుమారులా, పిమ్మట వారి నడత యెట్టిది, బయటపడకమునుపే తామై తొలగించి యొప్పుకొనిరా, బయటపడిన తరువాత బొంకిరా యను విషయములన్నియు తూకములో పడవలెను. నిన్న మొన్న వ్రాసినవానికి, నేటికిని అదే భాష నాడుచున్నవానికి ఈ లేఖలో నేను కోరుచున్న దయ వర్తింపదు. అట్టివాడు ఎంతటి శతకవీరుడైనను జట్టులో నుండదగడు.

మీ నియమమున నేను ముఖ్యముగా చూడగోరునది మరియొకటి యున్నది. ఆటగాడు రాష్ట్రసంఘముతో తొలి ఒప్పందము చేసికొనునప్పుడే, అతని భాష తెలిసిన ఒక పెద్దవారిని అతని ప్రక్కన కూర్చుండబెట్టి, పాత పోస్టులన్నిటిని అతనిచేతనే చదివింపుడు. సిగ్గుపడవలసినవి యున్నచో అతడు తానై చెప్పుటకు, తొలగించుటకు, ఎవరు నొచ్చిరో తెలిసికొనుటకు అవకాశ మిండు. ఆ యొప్పుకోలును గుప్తముగా నుంచుడు. ఏండ్ల తరువాత ఎవరైనను ఆ పోస్టును బయటపెట్టినచో, ఇతడు లోకము అడుగకమునుపే తన తప్పును సరిదిద్దుకొన్నాడని మండలి ధైర్యముగా చెప్పగలదు. ఇది గూఢచర్యము కాదు. పదునెనిమిదేండ్ల రాబిన్సన్‌కు ఎవరును చేయని యుపకారము. తెలుగులో వ్రాసిన తిట్టు ముంబయి కార్యాలయమున అర్థము కాదు గనుక ఈ పని ఆంధ్ర, హైదరాబాదు సంఘములు తమ జిల్లాలలో, తమ భాష యెరిగినవారిచేత చేయింపవలెను.

విచారణ త్వరగా జరుగవలెను. విచారించువారిలో అవమానింపబడిన వర్గమునకు చెందినవా రొకరైనను ఉండవలెను. తీర్పును కారణములతో సహా ప్రకటింపవలెను. ప్రాయశ్చిత్తము ఎవరు గాయపడిరో వారివైపునకు నడువవలెను: కులము పేర దూషించినవాడు సాంఘిక సంక్షేమ వసతిగృహములోని పిల్లలకు ఆట నేర్పుచు ఒక ఋతువు గడుపవలెను, స్త్రీలను కించపరచినవాడు బాలికల శిబిరములో బంతులు విసరవలెను. జరిమానా ధనము మండలి కోశాగారమున చేరరాదు. ఈ నియమము నిన్న జట్టులోనికి వచ్చిన కుర్రవానికిని, కోట్లు గడించు నాయకునికిని ఒక్కతీరున వర్తింపవలెను.

దీనికి వ్యయము స్వల్పము, కావలసినది ముందుచూపు. సమస్య వచ్చిన పిమ్మట వ్రాయు నియమము ఆ యొక్క మనుష్యుని చూచి వ్రాసినదనిపించును. రాకముందు వ్రాసినది అందరికొరకు వ్రాసినదగును. ఇంగ్లండు మండలికి ఆ యవకాశము చేజారినది. మీకు ఇంకను ఉన్నది. రాబోవు దేశవాళీ పోటీలు మొదలు కాకమునుపే ఈ నియమమును రూపొందించి, మన భాషలన్నిటిలోనికి అనువదింపించి, రాష్ట్రసంఘములకు, అకాడమీలకు, తల్లిదండ్రులకు చేరునట్లు ప్రకటింపవలసినదిగా మిమ్ము ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక క్రికెట్ అభిమాని